ఎవరింట్లో దిగమంటావక్కా?

పోయిన ఆదివారం విదేశీ చదువుల స్కాలర్‌షిప్పుల మీద రాసినదానికి చాలా మెసేజ్‌లు వచ్చాయి. అందరికీ జవాబివ్వలేకపోయాను, ఏమీ అనుకోవద్దు. ఒక్క మెసేజ్ మాత్రం వారమంతా నన్ను వదల్లేదు. పర్చూరు వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. డిగ్రీలో స్పానిష్ తీసుకుంది. స్పెయిన్‌లో నాలుగు నెలల భాషా కోర్సుకి సీటొచ్చింది. ఫీజు వాళ్ళే మాఫీ చేశారు, టికెట్ డబ్బులు మనవాళ్ళు తలా కొంత వేశారు. ఇప్పుడొక ఫారం నింపాలి. అక్కడ ఎక్కడ ఉంటావని అడిగారు. హాస్టల్లోనా, వేరే విద్యార్థులతో ఫ్లాట్‌లోనా, లేకపోతే ఆ ఊళ్ళో ఒక కుటుంబంతో వాళ్ళింట్లోనేనా?

"అక్కా, ఎవరింట్లో దిగమంటావు? ఇంట్లో అయితే వాళ్ళు మనల్ని ఏమన్నా అడుగుతారా?"

ఆ "ఏమన్నా" అంటే ఏంటో నాకు తెలుసు, ఆ పిల్లకి తెలుసు, ఇది చదివే మీలో సగంమందికి తెలుసు. మిగతా సగం మంది కోసం చెబుతాను.

నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో గది కోసం బ్రాడీపేట నుంచి కోరిటెపాడు దాకా కాళ్ళరిగేలా తిరిగాను. ఒక ఇంటిముందు టు-లెట్ బోర్డు ఉంది. ఇంటావిడ చక్కగా మాట్లాడింది. కూర్చోమంది, అద్దె చెప్పింది, మోటారు ఎప్పుడు వేస్తారో చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి వెళ్ళేటప్పుడు, ఏదో మర్చిపోయినట్టు, "ఇంతకీ మీరేమిటోళ్ళమ్మా?" అంది. "క్రిస్టియన్స్ అండీ" అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆవిడ ఒక్క క్షణం నన్ను పైనుంచి కిందికి చూసి, "అయ్యో, చెప్పటం మర్చిపోయా, మా తమ్ముడి కొడుకు వస్తున్నాడు, గది వాడికి అనుకున్నాం" అంది. నవ్వుతూనే అంది. నాలుగు రోజుల తర్వాత అటువైపు వెళ్తే బోర్డు అలానే వేలాడుతోంది. ఆ తమ్ముడి కొడుకు ఇప్పటికీ వచ్చి ఉండడు.

పర్చూరు అమ్మాయి పోయిన నెల అదే గుంటూరులో ఆరిళ్ళు తిరిగింది. ఇప్పుడు అడగటం మారింది, అంతే. "ఇంటిపేరేంటమ్మా?" అంటారు. లేకపోతే "నాన్‌వెజ్ వండుకోకూడదు" అంటారు, ఆ అన్న నోరు ఆదివారం నాటుకోడి తిన్న నోరే. ఇది ఒక్క గుంటూరు గొడవా కాదు. సుఖదేవ్ థోరట్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ మీద చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. ఒకే రకం ఉద్యోగం, ఒకే రకం జీతం చెప్పుకుని అడిగినా, పేరు చూసి దళితుల్ని, ముస్లింలని తిప్పి పంపారు. కాబట్టి ఆ పిల్ల భయం పిరికితనం కాదు. ఆరుసార్లు తలుపు ముఖాన వేయించుకున్న మనిషి ఏడో తలుపు ముందు అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

ఈ ప్రశ్నని మనకంటే ముందే అడిగిన మనిషి ఒకాయన ఉన్నారు. 1913లో అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళినప్పుడు అక్కడి హాస్టల్లో ఆయనతో ఒకే గదిలో ఉన్నది నవల్ భాతేనా అనే పార్సీ. జీవితాంతం స్నేహితుడు. అదే అంబేద్కర్ 1917లో ఉద్యోగానికి బరోడా వచ్చి, హిందువుల హోటల్ రానివ్వదని తెలిసి, పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్సీలే వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఆయన ఊళ్ళో ఉన్న ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు. హిందూ స్నేహితుడు, నువ్వొస్తే మా పనివాళ్ళు మానేస్తారు అన్నాడు. క్రైస్తవ స్నేహితుడు, మా ఆవిడ రేపొస్తుంది, అడిగి చెప్తా అన్నాడు. ఆ భార్యాభర్తలు బ్రాహ్మణ కులం నుంచి మతం మారినవాళ్ళు. ఆయన పార్కులో కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఇంకా చదవకపోతే చదవండి, చిన్న పుస్తకం. అయిదేళ్ళు అమెరికా, యూరప్‌లలో ఉండి, తాను అంటరానివాణ్ణన్న సంగతే మర్చిపోయాడట. స్టేషన్లో దిగగానే గుర్తొచ్చిందట. న్యూయార్కులో గది పంచుకున్నదీ పార్సీయే, బరోడాలో కర్ర పట్టుకొచ్చిందీ పార్సీలే. ఈ ముక్క మనసులో పెట్టుకుని మిగతాది చదవండి. మంచి మనుషులున్న దేశం, చెడ్డ మనుషులున్న దేశం అని లెక్కలు వెయ్యకుండా ఉంటారు.

ఇక నా సంగతి. పదేళ్ళు దాటింది. సలమాంకా అనే ఊళ్ళో పన్నెండు వారాల కోర్సు. 1218 నుంచి ఉన్న యూనివర్సిటీ అది. నన్ను పెట్టిన ఇల్లు ఒక పెద్దావిడది. భర్త పోయాడు, పిల్లలు వేరే ఊళ్ళలో. పేరు రాయను, సెన్యోరా అనే రాస్తాను. సూట్‌కేసు లోపల పెట్టకముందే రెండు తాళంచెవులు చేతిలో పెట్టింది, ఒకటి కింద వీధి తలుపుది, ఒకటి ఇంటిది. గుంటూరులో ఏడాదిపాటు ఇంటిముందు తిరిగినా రాని వస్తువు. ఆ రాత్రి ఫోన్ చేస్తే మా అమ్మ ప్రయాణం ఎట్టా జరిగిందని అడగలేదు, చలి ఎంతుందని అడగలేదు. "అయ్యా, ఆవిడ నిన్ను వంటింట్లోకి రానిచ్చిందా?" అంది. రానిచ్చిందమ్మా అంటే కొంచెంసేపు మాట్లాడలేదు. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు మిరప కోతలకి వెళ్ళిన మనిషి. కల్లాల్లో తాలుకాయ ఏరి, తొడిమలు తీసి, వేళ్ళు మండితే కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ అదే పనికి వెళ్ళిన మనిషి. ఆమె కోసిన కాయ ఆ ఊళ్ళో ప్రతి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె వెళ్ళలేదు.

ఆ కాయ సంగతి కూడా ఒకటి చెప్పాలి. మిరపకాయ మనది కాదు. మెక్సికో, దక్షిణ అమెరికా వైపుది. కొలంబస్ పోయినాక స్పెయిన్‌వాళ్ళు, పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తిప్పితే మన తీరాలకి చేరింది. ఎక్కడో సముద్రాల అవతలి కాయని మనూళ్ళు ఇంటిబిడ్డలా చేసుకున్నాయి. అది లేకుండా ఆవకాయ లేదు, ఆచారం లేదు. పక్కనే తరాలుగా ఉన్న పల్లె మాత్రం ఇంకా "అటువైపే".

సరే, బల్ల దగ్గరికి వద్దాం. ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనం రెండున్నరకి, రాత్రిది తొమ్మిదిన్నరకి. చలికాలం గుండ్రటి బల్ల మీద నేలదాకా దిగే మందపాటి గుడ్డ వేస్తారు. కింద చిన్న కుంపటి లాంటిది పెడతారు, ఇప్పుడు కరెంటుది. అందరి కాళ్ళూ ఆ గుడ్డలో. తిన్నాక ఎవరూ లేవరు. తిన్న తర్వాత బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడుకునే ఆ సేపుకి స్పానిష్‌లో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, సొబ్రెమెసా. నాకు క్లాసులో వచ్చిన భాష పావు వంతు. మిగతాది అక్కడ వచ్చింది. "ఉప్పు ఇటివ్వు" దగ్గర మొదలై, పెన్షన్ ఆలస్యమైందనీ, పెద్దకొడుకు ఫోన్ చెయ్యటం లేదనీ, ఇట్లా. భాష పుస్తకంలోంచి రాదు, ఎంగిలి కంచాల మధ్య వస్తది. ఎవరింట్లో ఎంగిలి కంచాల ముందు కూర్చునే హక్కు లేదో వాళ్ళకి ఆ ఇంటి భాష కూడా రాదు. తర్వాత ఆ ఇంటివాళ్ళే "వాళ్ళ భాష మోటు" అంటారు. మన పిల్లల్ని తెలుగు క్లాసులో "ఏంటా యాస" అని లేపి నిలబెట్టిన టీచర్లు మీకందరికీ గుర్తుండే ఉంటారు.

మొదటి వారమంతా సెన్యోరా నాకు కూరగాయలే పెట్టింది. చిక్కుళ్ళు, బంగాళాదుంపల అట్టు, మన పప్పు లాంటిదే లెంతెహాస్. తాను మాత్రం మాంసం తినేది, అదీ నాకు కనపడకుండా వంటగదిలో నిలబడి. ఏంటా అనుకున్నాను. ఎనిమిదో రోజు బయటపడింది. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఇండియా అబ్బాయి చెప్పి వెళ్ళాడట, ఇండియాలో ఎవరూ ఆవుమాంసం తినరు, చూస్తేనే మాకు పాపం అని. పాపం ఆవిడ నన్ను బాధపెట్టకూడదని వారంరోజులు దొంగచాటుగా తింది. ఆ రాత్రి నేను కూడబలుక్కుని, వ్యాకరణం సరిచూసుకుని, ఒక వాక్యం చెప్పాను. "యో సీ కోమో కార్నె దె వాకా." నేను తింటాను, ఆవుమాంసం. నా జీవితంలో స్పానిష్‌లో తడబడకుండా చెప్పిన మొదటి వాక్యం అది. తెలుగులో గట్టిగా అనటానికి ఇరవై ఏళ్ళు పట్టిన వాక్యం. ఆవిడ నవ్వి, లేచి, గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. నేనెందుకు ఏడుస్తున్నానో ఆవిడకి అర్థం కాలేదు, కారం ఎక్కువైందేమో అనుకుంది. కారమా! అందులో వేసింది వాళ్ళ పొగబెట్టిన ఎర్రకారం, పిమెంతోన్. మన తేజా మిర్చి ముందు అది పసుపుతో సమానం.

అయితే చెల్లీ, నన్ను నిజంగా కదిపింది కూర కాదు. "నువ్వు." స్పానిష్‌లో కూడా మనకున్నట్టే రెండున్నాయి. దగ్గరివాళ్ళకి "తు", గౌరవానికి "ఉస్తెద్". ఈ ఉస్తెద్ అనేది "తమ దయగారు" లాంటి పాత దొరల పిలుపు అరిగి అరిగి మిగిలిన మాట. నేను సెన్యోరాని ఉస్తెద్ అంటుంటే రెండోరోజే ఆపింది. నన్ను తు అను, నేను నిన్ను అదే అంటున్నాగా అంది. నా నోరు తిరగలేదు. ఎట్టా తిరుగుద్ది? మా నాన్న అరవై ఏళ్ళ మనిషి, పన్నెండేళ్ళ దొరగారి మనవణ్ణి "మీరు" అనటం విని పెరిగాను. ఆ పిల్లాడు మా నాన్నని "ఏరా" అనటం విని పెరిగాను. మన ఊళ్ళలో గౌరవం అనేది ఒకవైపే పారే కాలవ. కింద పొలానికి తడి అందదు. నువ్వంటే నువ్వు, మీరంటే మీరు, ఇద్దరికీ ఒకటే మాట అనే ఏర్పాటు నా నోటికి కొత్త. అలవాటు కావటానికి మూడు వారాలు పట్టింది. అలవాటయ్యాక మాత్రం వెన్ను కొంచెం నిటారుగా నిలబడినట్టు అనిపించింది. నవ్వుకోండి, నిజమే చెబుతున్నా.

ఇక్కడితో ఆపేస్తే, "చూశారా, తెల్లవాళ్ళు ఎంత మంచివాళ్ళో" అనే పోస్టు అయ్యేది. రెండు వేల లైకులు వచ్చేవి. ఆపను.

ఐదో వారమనుకుంటా, క్లాసులో "కాస్తా" అనే మాట వచ్చింది. జాతి, వంశం, పుట్టుక. ఇంగ్లీషువాడి "కాస్ట్" ఆ మాటలోంచే వచ్చింది. పోర్చుగీసువాళ్ళు మన తీరంలో దిగి, మనుషుల్ని ఇట్లా విడదీసి పెట్టుకోవటం చూసి, తమకి తెలిసిన మాట అంటించారు. తమకి తెలిసిన మాట! అంటే ఆ సరుకు వాళ్ళ దగ్గరా ఉంది. 1449లో తొలేదో నగరం రక్తశుద్ధి శాసనం చేసింది. యూదు మతం నుంచి మారిన కుటుంబాలవాళ్ళు పదవుల్లోకి రాకూడదని. మతం మారినా రక్తం మారదట. మాదిగ క్రైస్తవుడు, మాల క్రైస్తవుడు అనిపించుకున్న మనకి ఇది ఎవరన్నా విడమరిచి చెప్పాలా? నేను రోజూ నడిచిన సలమాంకాలోనే సాన్ బర్తొలొమే అనే పాత కళాశాలలో చేరాలంటే రక్తం శుద్ధమైనదని నిరూపించుకోవాల్సి వచ్చేది. మన కులం పేరున్న హాస్టళ్ళు గుర్తొచ్చి నవ్వొచ్చింది. స్పానిష్‌కి మొదటి వ్యాకరణం రాసిన నెబ్రిహా కూడా ఆ ఊళ్ళో పాఠం చెప్పినవాడే. ఆ పుస్తకం 1492లో వచ్చింది. యూదులని దేశంనుంచి వెళ్ళగొట్టిందీ, కొలంబస్ ఓడెక్కిందీ అదే ఏడాది. వ్యాకరణం, వెలివేత, మిరపకాయ, మూడూ ఒకే సంవత్సరం బిడ్డలు.

అది పాత చరిత్ర అనుకున్నాను. తొమ్మిదో వారంలో తలుపు కొట్టింది.

సెన్యోరాకి పైన ఇంకో చిన్న వాటా ఉంది, అద్దెకిచ్చేది. ఒక శనివారం ఒక జంట వచ్చింది. చంకలో బిడ్డ. గితానోలు. వీళ్ళ గురించి మన పిల్లలకి తెలియాలి. మిగతా యూరప్‌లో రోమా అంటారు. వెయ్యేళ్ళ కిందట మన దేశపు ఉత్తరాన్నుంచి కదిలిపోయిన జనం. వాళ్ళ రోమానీ భాషలో మనిషిని మనుష్ అంటారు, ముక్కుని నాక్ అంటారు. స్పెయిన్‌లో ఆరువందల ఏళ్ళ నుంచి ఉన్నారు. 1749 జులైలో రాజు ఉత్తరువు మీద ఒకేసారి వేలమందిని ఇళ్ళలోంచి లాగి ఖైదు చేశారు. ఇప్పటికీ వాళ్ళకి అద్దె ఇల్లు దొరకటం కష్టం.

సెన్యోరా వాళ్ళతో ఎంతో మర్యాదగా మాట్లాడింది. బిడ్డ బుగ్గ గిల్లింది. "అయ్యో, చెప్పటం మర్చిపోయా, ఇల్లు ఇచ్చేశాం" అంది. నవ్వుతూనే. తలుపు మూసి నావైపు తిరిగి, వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, కానీ ఒకళ్ళకిస్తే పాతికమంది దిగుతారు అంది.

నేను ఆ మాటలన్నీ విన్నాను. ఒక్క మాట కూడా మనసులో తెలుగులోకి మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. తొమ్మిది వారాల్లో మొదటిసారి స్పానిష్ నాకు సొంత భాషలా అర్థమైంది. అదే సంభాషణ నాకు ముందే కంఠతా వచ్చు కదా మరి.

మీకు నిజం చెప్పాలి. నేనేమీ అనలేదు. ఆరోజు అనలేదు, మర్నాడు అనలేదు. నా స్పానిష్ అంత బాగా రాదని సాకు చెప్పుకున్నాను. ఆవిడ పెట్టిన కూడు తింటూ ఎట్టా అంటాం అనుకున్నాను. ఆ కూటికి వారంవారం డబ్బు కడుతున్న సంగతి మర్చిపోయాను. ఇన్నేళ్ళూ గుంటూరులో నా వెనక మెట్ల మీద నిలబడి అంతా విని ఏమీ అనని ఆ పక్కవాటా అమ్మాయిని తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ మెట్ల మీద నేను.

మూడోరోజు రాత్రి, సొబ్రెమెసాలో, ఏదో అడగబోయి "ఉస్తెద్" అన్నాను. కావాలని అనలేదు, నోటికొచ్చేసింది. సెన్యోరా ఆగిపోయింది. "ఏంటి, నన్ను మళ్ళీ ఉస్తెద్ అంటున్నావు?" అంది. అప్పుడు చెప్పాను. వచ్చీరాని భాషలో, క్రియలన్నీ తప్పులతో. గుంటూరు, టు-లెట్ బోర్డు, తమ్ముడి కొడుకు, అంతా. మీరు వాళ్ళకి చెప్పింది అదే మాట అన్నాను. ఆవిడ చాలాసేపు గుడ్డ కొసని మడత పెడుతూ కూర్చుంది. చివరికి "నో ఎస్ లో మీస్మో" అంది. అది వేరు, ఇది వేరు.

అదీ నాకు తెలిసిన మాటే. ప్రపంచంలో అందరికీ పక్కింటి కులం కులంలా కనపడుద్ది, తమది మాత్రం "అది వేరు".

ఆ వాటా తర్వాత వారం ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులకి ఇచ్చింది. నేను వచ్చేసేరోజు బస్టాండు దాకా వచ్చి, దారిలో తినమని డబ్బా కట్టి ఇచ్చింది. ఇప్పటికీ క్రిస్మస్‌కి మెసేజ్ పెడుతుంది. నేను ఆవిడని ప్రేమిస్తాను. ఆ సంగతి కూడా నిజమే, మీకు ఇబ్బందిగా ఉంటే ఉండనివ్వండి.

అందుకే చెల్లీ, నేను చెప్పేది ఇది. కుటుంబంతోనే ఉండు. అతిథి కావటం తేలిక, ఎందుకంటే అతిథి వెళ్ళిపోతాడు. దూరంనుంచి వచ్చినవాడికి తాళంచెవి ఇవ్వటం ఎవరికీ పెద్ద ఖర్చు కాదు. మన ఊళ్ళో పెద్దిళ్ళలో కూడా అమెరికా నుంచి వచ్చిన తెల్లమ్మాయిని దేవుడి గది దాకా తిప్పి చూపిస్తారు, ఆమె రోజూ ఏం తింటుందో అడగరు. పరీక్ష అంతా పక్కింటివాడితోనే. కారంచేడు కుర్రాళ్ళు 1985లో గేదెలు కడిగిన నీళ్ళు ఎవరు తాగే చెరువులోకి వదిలారో, అడిగినందుకు ఎవర్ని వెంటాడి చంపారో, వాళ్ళంతా ఒక ఊరివాళ్ళే. పరాయివాళ్ళు కారు. ఇది ఒక కుటుంబంలో నాలుగు నెలలు ఉంటే లోపలినుంచి కనపడుద్ది. మంచి మనిషి చేతులతోనే ఎట్టా జరుగుద్దో కనపడుద్ది. హాస్టల్లో కనపడదు. మనవాళ్ళ ఫ్లాట్‌లో అసలే కనపడదు, అక్కడ రెండోరోజుకే "మీ నేటివ్ ప్లేస్ ఎక్కడ, ఇంటిపేరేంటి" అని మొదలవుద్ది. విమానంలో కులానికి వేరే టికెట్ అక్కర్లేదు.

కృతజ్ఞతతో మెడ వంచుకుని ఉండొద్దు. అది డబ్బు తీసుకుని మర్యాదగా చేసే వ్యాపారం. మన పూటకూళ్ళ ఇళ్ళూ అంతే కదా, 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ గుర్తుందిగా. తేడా ఒక్కటే. మన దగ్గర ఆ వ్యాపారానికి కూడా కులం ఉండేది. డబ్బు చూపించినా మనకి విస్తరి పడేది కాదు.

ఇంకో మాట, ఇది చెల్లికి కాదు, మన సంఘాలవాళ్ళకి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏడాదికి 125. అదీ మాస్టర్స్, పీహెచ్‌డీలకే, ఇట్లాంటి భాషా కోర్సులకి కాదు. 2022లో నిబంధనలు మార్చి, భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకి ఆ డబ్బు ఇవ్వబోమన్నారు. అంటే మనం బయటికి వెళ్ళి మన గురించి చెప్పకూడదు. ఎవరు చెబుతారు మరి? "ఇండియాలో ఎవరూ తినరు" అని చెప్పి వచ్చిన ఆ అబ్బాయి చెబుతాడు. భాష అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, సాక్ష్యం. అనంతపురంలో ఆర్‌డీటీ పల్లెటూరి పిల్లలకి స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పుతోంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చి మొదలుపెట్టిన సంస్థ కాబట్టి అక్కడ ఆ తలుపు తెరుచుకుంది. గుంటూరు, ప్రకాశంలో అట్లాంటి బడి ఒక్కటి లేదా అని మనం ఎప్పుడన్నా అడిగామా? మిర్చి యార్డు నుంచి కాయ ప్రపంచమంతా వెళ్తుంటే, ఆ కాయ కోసినవాళ్ళ పిల్లలకి ఆ దేశాల భాష ఒక్కటన్నా రాకూడదా?

రెండోది. తెలుగు నేర్చుకోవటానికి కూడా బయటివాళ్ళు వస్తుంటారు, పరిశోధకులు, విద్యార్థులు. వాళ్ళని ఎవరిళ్ళలో పెడుతున్నాం? బాత్రూం బాగుందని, ఇంగ్లీషు వచ్చని, ఊరి నడిమధ్య ఇళ్ళలోనే కదా. వాళ్ళు ఆ ఇళ్ళ తెలుగు, ఆ ఇళ్ళ పండగలు, ఆ ఇళ్ళ అభిప్రాయాలు నేర్చుకుని వెళ్ళి తెలుగు సమాజం మీద పుస్తకాలు రాస్తారు. వేరేలా జరిగిన సందర్భం మన ఒంగోలులోనే ఉంది. 1866లో అక్కడికొచ్చిన మిషనరీ క్లౌ గురించి అందరికీ తెలుసు, ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గురించి తక్కువ తెలుసు. ఆమె మాదిగ పెద్దలు చెప్పిన కథలు, వాళ్ళ కులచరిత్రలు, వాళ్ళ గురువుల సంగతులు విని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అని ఒక పుస్తకం వేసింది. మిషనరీ చూపు అందులో ఉంది, దానితో మనకి పేచీలున్నాయి. అయినా చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కూర్చుంటే ఏం దొరుకుద్దో ఆ పుస్తకం చెబుద్ది. పండితుల అరుగు మీద కూర్చున్నవాళ్ళకి అవి దొరకలేదు.

అందుకని, యూనివర్సిటీల్లో ఉన్న మన పిల్లలు ఈసారి విదేశీ విద్యార్థుల బ్యాచ్ వస్తే వెళ్ళి చెప్పండి, మా పల్లెలో రెండిళ్ళున్నాయి, శుభ్రంగా ఉంటాయి, డబ్బు కట్టి ఉండొచ్చు అని. నేను మా ఇంటితోనే మొదలుపెడదామని అమ్మని అడిగాను. అమ్మ భయపడింది. "మనింట్లోనా? ఎక్కడ పడుకోబెడతాం? బల్ల కూడా లేదు కదయ్యా" అంది. తర్వాత ఒక గంటకి తనే ఫోన్ చేసి, వాళ్ళు గొడ్డుకూర తింటారా అని అడిగింది.

చెల్లీ, ఫారం శుక్రవారం లోపు పంపు. కుటుంబం అని రాయి. తిండి గురించి అడిగే గడి మూడో పేజీలో ఉంటది, అది ఖాళీగా వదలొద్దు. కింద "మీ గురించి మీకు ఆతిథ్యమిచ్చే కుటుంబానికి చెప్పండి" అని అయిదు గీతలిస్తారు. నువ్వు పంపిన కాపీలో అక్కడ "నాకు సంగీతం ఇష్టం" అని ఒక్క లైను రాసి వదిలేశావు. మీ అమ్మ పత్తి తీతకి వెళ్తుందని, మీ పల్లె ఊరికి ఏ వైపు ఉందో రాయి. స్పానిష్‌లో నువ్వే రాయి, తప్పులు నేను దిద్దుతాను.

జై భీమ్.